పక్క మంచం అంకెలు

హైమ ఇరవై రోజులుగా ఒక నిజాన్ని తన ల్యాప్‌టాప్‌లో దాచుకుని తిరుగుతోందనీ, అది తన ఆడపడుచు భరణి చేసిన పనికి సంబంధించిందనీ కిందటి వారం తెలుసుకున్నాం. బుధవారం పొద్దున్నే ఆ ఇద్దరూ విజయనగరం స్టేషన్లో పలాస వైపు పాసింజరు ఎక్కారు. అక్కడ ఆగాం. ఈ వారమే ఈ కథలోకి అడుగు పెట్టినవారి కోసం మరి నాలుగు మాటలు.

వదినా మరదళ్ళిద్దరూ పనిచేసేది విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో. అక్కడ ఆసుపత్రులకి ఒక పెట్టె తయారుచేస్తారు. వార్డులో ప్రతి మంచం నుంచీ రోగి గుండె వేగం, బీపీ ఆ పెట్టెకి వస్తాయి. పెట్టె వాటన్నిటినీ నర్సు ఎదురుగా ఒకే తెర మీద చూపిస్తుంది, ఏ అంకె తేడాగా ఉన్నా గంట కొడుతుంది. పెట్టెను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాళ్ళు రాసుకున్నదే. దాని గుండెకాయలాంటి కెర్నెల్లో మెమరీ పంచిపెట్టే భాగాన్ని ఏడేళ్ళ కిందట హైమ రాసింది. మంచం నుంచి అంకె వచ్చిన ప్రతిసారీ దాన్ని దాచడానికి ఒక మెమరీ ముక్క కావాలి. ఖాళీగా ఉన్న ముక్కను వెతికి ఇవ్వడం, పనైపోయాక తిరిగి తీసుకోవడం, ఇదే ఆ భాగం పని. రోజుకి కోట్లసార్లు జరుగుతుంది.

ఈ ఏడాది భరణి దాన్ని తీసేసి కొత్తది రాసింది. హైమ రాసినదానికి తొమ్మిది వందల నానోసెకన్లు పట్టే పని భరణిది ఎనభైలో ముగిస్తుంది. పన్నెండు మంచాలకే ఆయాసపడే పెట్టె ఇప్పుడు ముప్పై ఆరు మంచాలను మోస్తుంది.

కాని కంపెనీలో కొత్త పెట్టెను టెస్ట్ బెంచి మీద పన్నెండు ఉత్తుత్తి మంచాలతో పరీక్షిస్తుంటే, తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఒక మంచానికి మోగిన గంట పక్కన ఇంకో మంచం అంకెలు కనబడ్డాయి. ఆ సమయానికి గదిలో ఉన్నది హైమ ఒక్కతే. ఆ రికార్డును తన ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంది. ఎవరికీ చెప్పలేదు. నౌపడ దగ్గరి ఒక ఆసుపత్రికి ముందే పంపిన కొత్త పెట్టెను ఆన్ చేయడానికే ఈ బుధవారం ప్రయాణం.

*

చీపురుపల్లి దాటాక బోగీ కాస్త ఖాళీ అయింది. కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. భరణి సంచిలోంచి రెండు డబ్బాలు తీసింది.

"వదినా, అమ్మ ఉప్మా పెట్టింది. తినీద్దామా, నౌపడ దాకా ఆగుదామా?"

"నువ్వు తినీ. నాకు ఆకల్నేదు."

భరణి తన డబ్బా మూత తీసింది. పైన దోరగా వేగిన జీడిపప్పు. హైమ తన డబ్బా కూడా తీసి చూసింది. ఉప్మా అదే, పోపు అదే, జీడిపప్పు లేదు. ముప్పై ఆరేళ్ళ మనిషి, మెమరీలో ఒక్క బిట్ తేడా వస్తే పట్టుకునే మనిషి, ఆ డబ్బాలో చెంచాతో రెండుసార్లు కెలికింది. కెలుకుతున్నానని తెలిసి సిగ్గుపడి మూత పెట్టేసింది.

ఒకప్పుడు ఆ ఇంట్లో పెద్ద డబ్బా హైమదే. పెద్దబజారులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే వెంకటరావుని పెళ్ళి చేసుకుని ఆ ఇంటికి వచ్చినప్పుడు, అత్తగారు గౌరమ్మ వీధి వీధంతా తిరిగి చెప్పుకుంది: "మా కోడలు కంపూటరు పెట్టిలోన బుర్ర తయారుసేస్తాది." ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం దొరక్క రెండేళ్ళు ఇంట్లో కూర్చున్న భరణిని, ఆదివారాలు భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది హైమే. లాక్ అంటే ఏమిటో, ఒకే పట్టిక కోసం నాలుగు ప్రాసెసర్లు పోటీపడితే ఎంత సమయం పోతుందో కాగితాల మీద గీసి చూపించింది. యజమాని తిరుమలరావుతో మాట్లాడి ఉద్యోగం ఇప్పించింది. "నా మరదలు సార్, సురుకైంది," అని చెప్పింది. ఆ చురుకు తన కుర్చీ దాకా వస్తుందని అనుకోలేదు.

ప్రతి ప్రాసెసరుకీ సొంతంగా కొన్ని ముక్కలు ముందే ఇచ్చేస్తే పోటీ ఉండదు కదా అన్న ఆలోచన భరణిది. హైమకి ఆ ఆలోచన నాలుగేళ్ళ కిందటే వచ్చింది. చేద్దామనుకుంది. పెట్టెలు పనిచేస్తూనే ఉన్నాయి, ఎవరూ అడగలేదు, చెయ్యలేదు. భరణి వచ్చి నాలుగు నెలల్లో చేసేసింది.

ఆఫీసులో మంచినీళ్ళ డబ్బా దగ్గర గోడకి ఒక కాగితం అంటించారు. దాని మీద, మంచాలు పెరిగేకొద్దీ పట్టే సమయాన్ని చూపే రెండు గీతలు. పైకి ఎగబాకుతున్న ఎర్ర గీత పాతది. అడుగున నేలబారుగా పోతున్న నీలం గీత కొత్తది. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన ప్రతివాడూ సీసా నిండేదాకా ఆ గీతల్నే చూస్తాడు. ఎర్ర గీత ఎవరిదని ఎవరూ అడగరు. అందరికీ తెలుసు. హైమ అప్పట్నుంచీ ఇంటి నుంచే నీళ్ళు తెచ్చుకుంటోంది.

ఒకరోజు తన పాత ఫైలు తెరుద్దామని చూస్తే అది లేదు. కొత్తది వచ్చాక పాతది తీసేయడం మామూలే. తను కూడా ఎన్నో తీసేసింది. కాని ఆ ఫైలు మొదటి వరసలో తన పేరుండేది. ఆ రోజు ఇంటికెళ్ళి, తలనొప్పని చెప్పి పడుకుంది. పక్కగదిలో గౌరమ్మ ఫోన్లో ఎవరితోనో అంటోంది: "మా హైమ ఏడేళ్ళబట్టీ సేసిన పని మా భరణి నాలుగు నెలల్లో సేసీసింది తల్లీ!" అందులో కోడల్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం గౌరమ్మకి లేదు. ఆమెకి ఇద్దరూ ఇంటిమనుషులే. అందుకే హైమ ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. మొగుడితో చెప్పుకుందామంటే అతను భరణికి అన్న.

ఆ తర్వాత వారానికే ఆ తొమ్మిదో రోజు వచ్చింది. తెర మీద ఒక మంచం అంకెలు ఇంకో మంచానికి కనబడగానే హైమకి మొదట కలిగింది భయం కాదు. గుండెల్లో ఏదో చల్లగా దిగింది. ఇరవై రోజులుగా ఆ చల్లదనమే ఆమెను నడిపిస్తోంది.

*

పొందూరు దాటింది. భరణి ఉప్మా సగం తిని డబ్బా మూసేసింది.

"వదినా, నీకు భయంగా నేదా?"

"దేనికి?"

"ఇవాళ ఆన్ సేస్తాం గదా. నిజం మనుషులు. ఆఫీసులో ఉత్తుత్తి మంచాలు కావు."

"నీ పని మీద నీకే నమ్మకం నేదేటి?" అంది హైమ. నవ్వుతూ అందామనుకుంది గాని నవ్వు రాలేదు.

భరణి కళ్ళెత్తి చూసింది. "నీకున్నాదా?"

దూసి దాటి బండి నాగావళి వంతెన ఎక్కింది. ఇనప దూలాల చప్పుడులో ఏం మాట్లాడినా వినబడదు. హైమ ఆ చప్పుడు ఇంకా కాసేపుంటే బాగుండుననుకుంది. కింద నదిలో నీళ్ళు సన్నటి పాయలుగా ఉన్నాయి. వంతెన అయిపోయింది.

"పదో తారీకున మధ్యాహ్నం రెండూ పదికి," అంది భరణి, "టెస్ట్ బెంచి నుంచి ఒక ఫైలు నీ ల్యాప్‌టాప్‌లోకి ఎల్లింది. ఎవరు కాపీ సేసినా అక్కడ పేరు పడతాది వదినా."

హైమ చేతిలో నీళ్ళ సీసా అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు సూసేవు?"

"ఎనిమిది రోజులైంది."

"ఎనిమిది రోజులబట్టీ తెలిసి, నాతో కలిసి అన్నం తింటన్నావా? బండి మీద నా యెనకాల కూకుని ఆఫీసుకొస్తన్నావా?"

"నువ్వు ఇరవై రోజులబట్టీ అలాగే తింటన్నావు గదా."

ఆ మాట మెల్లగానే అంది. అయినా పక్క వరసలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్న ఆమె కళ్ళు తెరిచి ఇటు చూసింది. ఇద్దరూ గొంతులు తగ్గించారు.

"ఏటి సేద్దామనుకున్నావు దాన్తోటి?" అడిగింది భరణి.

అబద్ధం చెప్పడానికి హైమ దగ్గర రెండు మూడు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఖచ్చితంగా తేలాక చెబుదామనుకున్నాను. ఇంకోసారి పరీక్షిద్దామనుకున్నాను. ఏదీ నోటికి రాలేదు.

"ఇవాళ సూపిద్దామనుకున్నాను. ఆసుపత్రిలోన. ఆన్ సేసే ముందర, డాక్టర్లందరూ నిలబడ్డాక, తిరుమలరావుగారు వీడియోలో ఉండగా. ఆపండి, ఇది పెట్టొద్దు అని సెప్పి, ఆ రికార్డు తీసి అందరి ముందూ పెడదామనుకున్నాను."

"నా మొహం సూడ్డానికా?"

"అవును."

భరణి ముఖం ఎర్రబడింది. ఏడుస్తుందనుకుంది హైమ. ఏడవలేదు.

"నేను నీకేటి సేసేను వదినా?"

"ఏటీ సెయ్యనేదు. అదే నా బాధ. నువ్వేదైనా సేసుంటే నిన్ను తిట్టుకుని ఊరుకుందును." హైమ సీసా మూత బిగించింది. "ఆ నీళ్ళ డబ్బా కాడ కాగితం ఉన్నాదే, దాన్ని ఎన్నిసార్లు పీకీద్దామనుకున్నానో తెల్సా? మీ అమ్మ ఫోన్లో నీ పేరెత్తితే లేచి పక్కగదిలోకి ఎల్లిపోతాను. ఇందాక నీ డబ్బాలో జీడిపప్పుందని నా డబ్బాలో ఎతుక్కున్నాను. ఇలాంటి మనిషినని నాకే తెల్దు."

ఆమదాలవలసలో బండి ఆగింది. టీ, సమోసాలు ఎక్కి దిగాయి. బండి కదిలాక భరణి సంచిలోంచి మడిచిన రెండు కాగితాలు తీసి హైమ ఒళ్ళో పెట్టింది.

"ఆ తప్పెక్కడుందో దొరికింది. ఇది సదువు."

"నీ దాంట్లో ఎక్కడుంది?"

"నా దాంట్లో నేదు."

"మరి?"

"గంట కొట్టే భాగంలోన. నువ్వు రాసిందే."

హైమకి నిజంగానే నవ్వొచ్చింది. పిల్ల తప్పించుకోవడానికి ఎంత దూరం వెళ్ళిందో అనుకుంటూ కాగితం విప్పింది. భరణి పెన్సిలుతో గీసిన వరస దగ్గరికి రాగానే ఆ నవ్వు పోయింది.

ఒక మంచానికి గంట మోగాలంటే, ఆ అంకె ఉన్న మెమరీ ముక్కను తీసుకోవాలి, పని చూసుకోవాలి, తిరిగి ఇచ్చేయాలి. తను రాసిన చోట, ముక్కను తిరిగి ఇచ్చేశాక, తెర మీద చూపించడం కోసం అదే ముక్కలోకి ఇంకొక్కసారి తొంగిచూస్తోంది. ఇచ్చేసిన వస్తువులోకి చూడకూడదు. భరణికి భోజనాల బల్ల దగ్గర హైమ చెప్పిన మొట్టమొదటి పాఠం అది. ఆ వరస పక్కనే తన అలవాటు ప్రకారం రాసుకున్న చిన్న మాట ఉంది: 'తర్వాత సరిచెయ్యాలి. హైమ.' తేదీ చూస్తే అయిదేళ్ళ కిందటిది. ఏదో ఆసుపత్రి వాళ్ళు సాయంత్రానికి చూస్తామంటే ఆదరాబాదరాగా రాసిన రోజు. ఆ 'తర్వాత' రానేలేదు.

అయిదేళ్ళూ ఎందుకు బయటపడలేదో కూడా హైమకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తన పాత పద్ధతిలో, తిరిగొచ్చిన ముక్క పొడవాటి వరసలో చిట్టచివరికి వెళ్ళి నిలబడేది. దాన్ని మళ్ళీ ఎవరికైనా ఇచ్చేసరికి ఎంతో సమయం పట్టేది. ఈలోగా తొంగిచూసినా పాత అంకె చెక్కుచెదరకుండా అక్కడే ఉండేది. భరణి పద్ధతిలో తిరిగొచ్చిన ముక్క ఆ క్షణమే పక్కవాడికి వెళ్ళిపోతుంది. ఇచ్చేయడానికీ తొంగిచూడడానికీ మధ్యనున్న ఆ సందులో ఇంకో మంచం ముక్క అడిగితే, కనబడేది ఆ మంచం అంకె. నిదానంగా నడిచినన్నాళ్ళూ తన తప్పు దాగుంది. పని చురుగ్గా సాగేసరికి బయటపడింది.

ఇరవై రోజులుగా ఎవరి మొహాన కొడదామని దాచిందో, అది తనదే.

కాగితం మడిచింది. మడత సరిగ్గా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

"ఎప్పుడు దొరికింది?"

"శనివారం."

"శనివారం నుంచీ సెప్పకుండా..."

"ఆగు వదినా. నన్ను కూడా సెప్పనీ." భరణి రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పెట్టుకుంది. "అది నీ తప్పని తెలిసినప్పుడు నాకు బాధెయ్యనేదు. సంతోషమేసింది. నువ్వు మా ఇంటికొచ్చిన కాడినుంచీ, హైమలా సదువు, హైమలా మాటాడు, హైమలా కూకో, హైమలా నిలబడు. అన్నయ్య నాతో కూకుని సినిమా సూడ్డం మానీసేడు. అమ్మ నగల బీరువా తాళం నీకిచ్చింది. నాకు ఉద్యోగం రాకపోతే నువ్వు జాలిపడి పాఠం సెప్పేవు. ఎంత బాగా సెప్పేవో! నీ మీద కోపం తెచ్చుకోడానికి కూడా నాకు సందియ్యనేదు. ఆ నాలుగు నెలలు అంత కష్టపడ్డానని అందరూ మెచ్చుకుంటన్నారు. నిన్ను దాటాలని సేసేను వదినా. పెట్టి కోసం కాదు, పేషెంట్ల కోసం కాదు. నీ ఎర్ర గీత నాకు ముందే కనబడింది. ఆ కాగితం గోడకి అంటించింది ఎవరనుకున్నావు?"

హైమ ఆమె వైపు చూసింది. ఆ కాగితం తిరుమలరావు అంటించాడనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"మరిప్పుడెందుకు సెప్తన్నావు?"

"ఇవాళ ఆన్ సేస్తారు గదా. నువ్వు సెప్తావేమోనని ఆదివారం సూసేను, సోమవారం సూసేను. నువ్వు సెప్పిన తర్వాత ఈ కాగితం తీద్దామనుకున్నాను. నీలాగే, అందరి ముందూ. నిన్న ఎంతసేపైనా నిద్దర పట్టనేదు. అక్కడ పడుకున్నోలికి మన గొడవేటి తెల్సు?"

కోటబొమ్మాళి వచ్చింది, వెళ్ళింది. ఇద్దరి మధ్యా కిటికీ గట్టు మీద హైమ తినని డబ్బా ఉంది. కోపం తెచ్చుకుందామని చూసింది హైమ. రాలేదు. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకరి కంచంలోకి ఒకరు చూసుకుంటూ గడిపారు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ అని ఆమె మనసు అప్పుడు కూడా బేరీజు వేస్తోంది. దాన్ని ఆపడానికి కష్టపడవలసి వచ్చింది.

"ఒక్క వరస మారిస్తే సరిపోతాది," అంది చివరికి. "ముక్కని ఇచ్చీకముందే అంకెని పక్కన రాసుకోవాలి. అరగంట పని. పెట్టి ఆన్ సెయ్యకుండా ముందర ఆపుదాం. ఫోను నేను సేస్తాను."

"ఏటని సెప్తావు?"

"ఉన్నదే."

*

నౌపడలో దిగేసరికి పది దాటింది. గాలిలో ఉప్పువాసన. పట్టాలకి అవతల ఉప్పుమడుల్లో తెల్లటి కుప్పలు ఎండకి కళ్ళు మూయించేలా మెరుస్తున్నాయి. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు నీడలో నిలబడి హైమ తిరుమలరావుకి ఫోను చేసి, భరణికి కూడా వినబడేలా స్పీకరు పెట్టింది.

"ఏటమ్మా, సేరిపోనారా?"

"నౌపడలో దిగేం సార్. ఆసుపత్రికి ఫోన్ సేసి, మేం వచ్చీదాకా పెట్టి ఆన్ సెయ్యొద్దని సెప్పండి. అందులో తప్పున్నాది."

అటు నుంచి నవ్వు వినబడింది. "ఇంకా ఆన్ సెయ్యడమేటమ్మా! ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికే సేయించీసేను, మీకు సెప్పడం మర్సిపోనాను. డాక్టరుగారు తొందరపడ్డారు. ముప్పై ఆరు మంచాలూ ఎక్కించీసేరు, బ్రహ్మాండంగా నడుస్తన్నాదంట. మీరెల్లి ఓసారి సూసి, ఆయనకి నమస్కారం పెట్టి రండి."

ఆన్ చేసే ముందు ఆపుతానన్న ఆ ఒక్క ధైర్యంతోనే హైమ ఇన్నాళ్ళూ తనకి తాను సర్దిచెప్పుకుంది. ఎవరికీ ఏమీ కాకముందే ఆపుతాను కదా, అందులో పాపమేముంది అనుకుంది. ఆదివారం తను తలంటుకుని, మధ్యాహ్నం పులిహోర తిని పడుకున్న రోజు.

"హైమా? తప్పున్నాదంటన్నావు, ఎవరి దాంట్లో? భరణి దాంట్లోనా?"

భరణి ఆమె వైపే చూస్తోంది. ఏ మాట వస్తుందో నిజంగానే తెలియని చూపు అది.

"నాది సార్," అంది హైమ. "భరణిది ఏ తప్పూ నేదు. అయిదేళ్ళ కిందట నేను రాసిన గంట భాగంలో ఉన్నాది. ఒక మంచం అంకె ఇంకో మంచానికి సూపిస్తాది. టెస్ట్ బెంచిలో ఇరవై రోజుల కిందటే సూసేను. సెప్పకుండా దాచేను."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

"దాచేవా? నువ్వా?" అన్నాడు తిరుమలరావు. తిట్టుంటే హైమకి తేలిగ్గా ఉండేది. "సరే. అదంతా తర్వాత. ముందు మీరెల్లండి. నేను డాక్టరుకి ఫోను కలుపుతాను."

ఆటోలో టెక్కలి రోడ్డు ఎక్కాక భరణి వేళ్ళు మడుస్తూ లెక్క కట్టడం హైమ చూసింది. తను అప్పటికే కట్టింది.

"పన్నెండు మంచాలకి తొమ్మిది రోజులు పట్టింది," అంది భరణి. "ముప్పై ఆరంటే మూడు రెట్లు. మూడు రోజులకి..."

"ఆదివారం తొమ్మిది నుంచి బుధవారం తొమ్మిది," అంది హైమ. "గంటన్నర కిందటే దాటిపోనాది."

"ఇంకాస్త తొందరగా పోనీ బాబూ," అంది భరణి ఆటోవాడితో. మరదలి చెయ్యి చల్లగా హైమ మణికట్టుని పట్టుకుంది. హైమ విడిపించుకోలేదు.

తిరుమలరావు నుంచి రెండు మాటల మెసేజి వచ్చింది. డాక్టరు ఆపరేషన్లో ఉన్నాడు. ఫోను ఎత్తడం లేదు.

*

రోడ్డు పక్కనే కొత్తగా కట్టిన మూడంతస్తుల ఆసుపత్రి అది. రెండో అంతస్తులో వార్డు. మెట్లు ఎక్కేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు. లోపల రెండు వరసల మంచాలు, మధ్యన దారి, ఈ చివర బల్ల మీద తెర. వాళ్ళ పెట్టె ఆకుపచ్చ దీపంతో బుద్ధిగా వెలుగుతోంది. తెర మీద పందొమ్మిదో గడి ఎర్రగా ఉంది. బీపీ డెబ్భై రెండు బై నలభై.

బల్ల దగ్గర ఎవరూ లేరు. మధ్యదారిలో ఝాన్సీ అని పేరున్న బిళ్ళ పెట్టుకున్న నర్సు సెలైను స్టాండు తోసుకుంటూ, రెండో చేతిలో సిరంజి ఉన్న ట్రే పట్టుకుని గబగబా వెళుతోంది. హైమ పరిగెత్తింది.

పందొమ్మిదో మంచం మీద ఉప్పుమడుల్లో పనిచేసి నల్లబడ్డ ఒక ముసలాయన మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. బీపీ పట్టీ సగం ఊడి మోచేతి దగ్గర వేలాడుతోంది.

"పడుకో సూరయ్య తాతా, బీపీ బాగా పడిపోనాది నీకు," అంటోంది నర్సు. "డ్యూటీ డాక్టరు బీపీ పెంచే ఇంజెక్షను ఇచ్చీమన్నారు."

"నాకేటీ నేదమ్మా. బొబ్బట్టేదైనా ఉంటే పెట్టు, తింతాను."

"అందరూ అలాగే అంటారు. మిషను సెప్తన్నాది, సూడు."

"ఆగమ్మా!" హైమ ఆమె చెయ్యి పట్టుకుంది. ట్రే ఊగింది. "ఇవ్వొద్దు. ఆ అంకె ఈయనది కాదు."

"ఎవరండీ మీరు? సెయ్యొదలండి!"

"ఆ మిషను రాసినదాన్ని. దాంట్లో తప్పున్నాది. నాదే తప్పు. ముందు సేత్తో ఒక్కసారి సూడండి, దండం పెడతాను."

మంచాల మీద తలలు ఇటు తిరిగాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ ఎవరో బంధువు "ఏటీ, మిషను తప్పా?" అన్నాడు గట్టిగా. ఇరవై రోజులుగా ఎవరికోసమో సిద్ధం చేసిన అవమానం ఇప్పుడు వార్డు నిండా మనుషుల ముందు తన మీదే పడుతుంటే, హైమకి అది పట్టలేదు. ఝాన్సీ చేతుల్నే చూస్తోంది.

ఝాన్సీ అనుమానంగానే ట్రే పక్కన పెట్టి, సూరయ్య చేతికి పట్టీ సరిగ్గా కట్టి, గాలిబుడ్డి నొక్కి, స్టెతస్కోపు చెవులకి పెట్టుకుంది. గాలి వదిలింది. ముఖం మారింది. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టి మళ్ళీ వింది.

"నూట ముప్పై బై ఎనభై," అంది. ట్రేలో సిరంజి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. "ఇది ఇచ్చీసుంటే... ఓలమ్మో."

సూరయ్య ఇంకా బొబ్బట్టు గురించే అడుగుతున్నాడు. భరణి మంచం కోడు పట్టుకుని ఒక్కసారి కళ్ళు మూసుకుంది. హైమ ట్రేని మంచానికి దూరంగా జరిపింది. ఆపగలిగాం అనుకుంది. అంతా అయిపోయింది అనుకుంది.

ఝాన్సీ స్టెతస్కోపు మెడలోకి దించుకుంటూ బల్ల మీద తెర వైపు చూసింది. పందొమ్మిదో గడిలో ఎర్ర అంకె అలాగే ఉంది.

"అయితే మేడమ్," అంది మెల్లగా, "ఆ డెబ్భై రెండు ఎవరిది?"

హైమ, భరణి ఒకరినొకరు చూసుకున్నారు. తెర మీద మిగతా ముప్పై అయిదు గడులూ పచ్చగా ఉన్నాయి; ఆ మనిషి గడిలో కూడా ఇంకెవరి అంకెలో పడి ఉండాలి. వార్డులో రెండు వరసల నిండా మనుషులు. కొందరు వీళ్ళనే చూస్తున్నారు. చాలామంది గుండెల దాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉన్నారు.